లాబో ఒడ్డున యు-995

ఉత్తర జర్మనీలో కీల్ దగ్గర ఫెర్రీ ఎక్కి లాబోలో దిగి తీరం వెంట కాసేపు నడిస్తే, ఇసుకలో దిమ్మెల మీద నిలబెట్టిన రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ జలాంతర్గామి యు-995 కనిపిస్తుంది. జర్మన్లు వందల్లో కట్టిన టైప్ 7 జలాంతర్గాముల్లో ప్రపంచం మొత్తం మీద ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. 67 మీటర్ల పొడవు. బయటి నుంచి పెద్దదే అనిపించింది కానీ లోపల గది నుంచి గదికి గుండ్రటి కంతలోంచి దూరాల్సిందే, కీల్‌లో చదువుతున్న మా చెల్లెలు "అన్నా, తల జాగ్రత్త" అంటూనే ఉంది. ఇందులో 50 మంది దాకా వారాల తరబడి బతికారు! టార్పెడోల పక్కనే పడకలు, ఒకడు డ్యూటీకి లేస్తే అదే పడక మీద ఇంకొకడు. పూర్తిగా మునిగితే బ్యాటరీలే దిక్కు, అప్పుడు వేగం గంటకు 14 కిలోమీటర్లు దాటదు.

1943 సెప్టెంబరులో నౌకాదళంలో చేరింది, అప్పటికే అట్లాంటిక్‌లో జర్మన్ల ఆట కట్టిపోయింది. అందుకని నార్వేకి పైన ఆర్కిటిక్‌లో, రష్యాకి సరుకు మోసే ఓడల మీదికి దీన్ని పంపారు. 1944 అక్టోబరులో కెప్టెన్‌గా వచ్చిన హన్స్ గేయోర్గ్ హెస్‌కి 21 ఏళ్లు. నా ముందు నడుస్తున్న చెల్లెలి కన్నా చిన్నవాడు, అది తలచుకుంటే ఒళ్లు జలదరించింది. 1945 ఫిబ్రవరిలో అతను నేరుగా ఉత్తర నార్వేలోని కిర్కెనెస్ రేవులోకి దూరి నార్వే ఓడ ఇడెఫ్యోర్డ్‌ను టార్పెడోతో కొట్టాడు. ఆ ప్రాంతాన్ని తగలబెట్టి జర్మన్లు వెనక్కి పోయి అప్పటికి కొన్ని నెలలే. యుద్ధం ముగిసేసరికి ఈ పడవ నార్వేలోనే ట్రోండ్‌హైమ్‌లో ఉంది; 1952లో అదే నార్వే నౌకాదళం దీనికి 'కౌరా' అని పేరు పెట్టి 1960ల దాకా నడిపి, చివరికి ఒక్క జర్మన్ మార్కు డబ్బుకి జర్మనీకి ఇచ్చేసింది. కొన్నాళ్లు దెబ్బతిన్న దేశం జెండానే మోసింది, నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది అదే.

తిరుగు దారిలో మ్యోల్టెనోర్ట్‌లో కూడా దిగండి, దయచేసి మానేయకండి. చనిపోయిన జలాంతర్గామి నావికుల పేర్లు పడవల వారీగా అక్కడి ఫలకాల మీద ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధానివే 30 వేల దాకా, అంటే వెళ్లిన నలుగురిలో సుమారు ముగ్గురు. వాళ్లు ముంచిన ఓడల్లో పోయినవాళ్ల పేర్లు మాత్రం అక్కడ ఉండవు. బ్రిటిష్ సరుకు ఓడల అడుగున బొగ్గు వేసిన మన లాస్కర్లు, అంటే భారతీయ నావికులు, ఆ యుద్ధంలో వేలల్లో పోయారు, వాళ్ల స్మారకం ముంబైలో మసీదు బందర్ దగ్గర ఉన్న సెయిలర్స్ హోమ్‌లో ఉంది. ఈసారి ముంబై వెళ్తే ముందు అక్కడికే.