కూల్ ఎడిట్ ప్రోను విండోస్ 11లో మళ్లీ పనిలో పెట్టడం

ధ్వనిని రికార్డు చేసి సరిదిద్దుకునే సాఫ్ట్‌వేర్ కూల్ ఎడిట్ ప్రో. సింట్రిలియం సంస్థ తయారుచేసిన దాన్ని 2003లో అడోబీ కొనుక్కుని ఆడిషన్ అని పేరు మార్చింది. ఆ తరువాత ఎన్నో వెర్షన్లు వచ్చినా నా కంప్యూటర్‌లో కూల్ ఎడిట్ ప్రో 2.1 ఇప్పటికీ ఉంది. అప్పట్లో మా బృందం రికార్డు చేసిన హరికథలు, శ్రవ్య నాటికల మల్టీట్రాక్ పని, అంటే గొంతులనూ వాద్యాలనూ విడివిడి వరుసల్లో పేర్చి కలిపే పని, అంతా అందులోనే జరిగింది, సెషన్లు అనే ఆ కూర్పులన్నీ ఎస్‌ఈఎస్ అనే రకం ఫైళ్లలోనే ఉన్నాయి. 2011లో వచ్చిన ఆడిషన్ సీఎస్ 5.5తో సెషన్ ఫైలు రూపమే మారిపోయింది గనుక ఇప్పటి ఆడిషన్ వాటిని నేరుగా తెరవదు. పైగా ఎస్‌ఈఎస్ ఫైలులో ధ్వని ఉండదు. ఏ ట్రాక్‌లో ఏ వేవ్ ఫైలు ఎప్పుడు మొదలు కావాలి, ఎంత లెవెల్‌లో వినిపించాలి, ఎక్కడ తగ్గాలి అన్న లెక్క మాత్రమే ఉంటుంది. వేవ్ ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నా ఆ లెక్క చేజారితే నెలల తరబడి కూర్చిన నాటిక విడివిడి గొంతుల కుప్పగా మిగిలిపోతుంది.

విండోస్ 11 పూర్తిగా 64 బిట్ వ్యవస్థే అయినా 32 బిట్ ప్రోగ్రాములను నడుపుతుంది. 1990ల నాటి కొన్ని సాఫ్ట్‌వేర్లకు ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది కావడం వల్ల అవి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి కానీ, కూల్ ఎడిట్ ప్రోకు ఆ బాధ లేదు. చిక్కులన్నీ ఇన్‌స్టాల్ అయిన తరువాతే మొదలవుతాయి.

పాత సాఫ్ట్‌వేర్ ఏది మొరాయించినా అడ్మినిస్ట్రేటర్‌గా, అంటే పూర్తి అధికారాలతో, నడపమనే సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఈ పనికి అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుందని నా అభిప్రాయం. విండోస్ విస్టా నుంచి, మామూలు హోదాలో నడిచే పాత సాఫ్ట్‌వేర్ ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ ఫోల్డర్‌లో ఏదైనా రాయబోతే, విండోస్ దాన్ని చప్పుడు చేయకుండా యూజర్ ఖాతాలోని వర్చువల్ స్టోర్ అనే ఫోల్డర్‌కు మళ్లిస్తుంది. అదే ప్రోగ్రామ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే ఆ మళ్లింపు ఉండదు. ఒకరోజు అలా, ఒకరోజు ఇలా నడిపితే నిన్న దాచుకున్న సెట్టింగులు ఇవాళ కనబడవు. అంతేకాక, అడ్మినిస్ట్రేటర్‌గా నడుస్తున్న విండోలోకి ఎక్స్‌ప్లోరర్ నుంచి ఫైలును లాగి వదలడం కుదరదు. అందుకే నేను సాఫ్ట్‌వేర్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా సి డ్రైవ్‌లో విడిగా తయారుచేసుకున్న ఫోల్డర్‌లోకి ఇన్‌స్టాల్ చేశాను. అక్కడ రాసే అనుమతి మామూలు హోదాకే ఉంటుంది గనుక ఈ తలనొప్పులు రావు.

పాత సెషన్లకు ఇంకో లంకె కూడా ఉంది. వేవ్ ఫైళ్ల పాత చిరునామాలనే సెషన్ గుర్తుంచుకుంటుంది, అవి అక్కడ దొరక్కపోతే ఒక్కొక్కటిగా అడుగుతుంది. మా రికార్డింగులన్నీ ఒకప్పుడు ఎఫ్ డ్రైవ్‌లో ఉండేవి, ఇప్పటి కంప్యూటర్‌లో ఆ డ్రైవే లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో సబ్‌స్ట్ అనే ఆదేశంతో ఒక ఫోల్డర్‌కు ఎఫ్ అనే అక్షరం కేటాయిస్తే సెషన్ తన ఫైళ్లను తానే వెతుక్కుంటుంది. కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేసినప్పుడు ఆ కేటాయింపు ఉండదు, కాబట్టి ఆదేశాన్ని ఒక బ్యాచ్ ఫైలులో రాసి స్టార్టప్‌లో పెట్టుకోవాలి. ఇలా తయారైన డ్రైవ్ కూడా అడ్మినిస్ట్రేటర్‌గా నడిచే ప్రోగ్రామ్‌కు కనిపించదన్నది గమనించవలసిన విషయం.

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది ఫైళ్ల పేర్ల దగ్గర ఉంది. అన్ని లిపులకూ పనికొచ్చే యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాములు విండోస్ కోడ్ పేజీల మీద, అంటే కొన్ని లిపులకే పరిమితమైన అక్షరాల పట్టికల మీద, ఆధారపడతాయి. ఆ ప్రోగ్రాములకు పనికొచ్చే తెలుగు కోడ్ పేజీ విండోస్‌లో లేదు. అందువల్ల తెలుగు లిపిలో పేరు పెట్టిన ఫైలు వాటికి ప్రశ్నార్థకాల వరుసగా కనిపిస్తుంది, తెరవబోతే అలాంటి ఫైలే లేదని చెబుతుంది. విండోస్ యూజర్ ఖాతా ఫోల్డర్ పేరే తెలుగులో ఉంటే తాత్కాలిక ఫైళ్ల దారి కూడా తెలుగులోనే ఉంటుంది, అప్పుడు సాఫ్ట్‌వేర్ అసలు పనే మొదలుపెట్టలేకపోవచ్చు. కూల్ ఎడిట్ ప్రో సెట్టింగ్స్‌లో సిస్టమ్ పేజీకి వెళ్లి తాత్కాలిక ఫోల్డర్‌ను ఇంగ్లీషు అక్షరాల పేరున్న మరో చోటికి మార్చడం దీనికి మందు. ఇటీవలి విండోస్‌లో సిస్టమ్ లొకేల్ మార్చే చోట యూటీఎఫ్-8 వాడమనే బీటా ఐచ్ఛికం ఒకటి ఉంది. దాన్ని ఎంచుకుంటే పాత ప్రోగ్రాములకు కూడా తెలుగు పేర్లు అందుతాయి కానీ, ఇతర పాత సాఫ్ట్‌వేర్లలో అక్షరాలు చెదిరిపోయే ప్రమాదం ఉంది. ఆ పద్ధతిలో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. ‘హరికథ’ అన్న చిన్న పేరే 15 బైట్లు అవుతుంది, ఫైలు దారికి పాత ప్రోగ్రాములు ఉంచుకునే 260 బైట్ల చోటు త్వరగా నిండిపోతుంది. కాబట్టి పని జరుగుతున్నంత సేపు ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి పేర్లు పెట్టి, పూర్తయ్యాక తెలుగు పేర్లు పెట్టుకోవడమే నేను అనుసరిస్తున్న మార్గం.

ఇక రికార్డింగ్ విషయం. క్యాసెట్ డెక్‌ను లైన్ ఇన్‌కు కలిపి రికార్డు నొక్కితే డెక్ మీద సూది ఆడుతూనే ఉంటుంది, తెర మీద మాత్రం గీత గీతలాగే సాగుతుంది. కేబుల్‌ను అనుమానించే ముందు విండోస్ సెట్టింగులలో ప్రైవసీ కింద ఉన్న మైక్రోఫోన్ పేజీ చూడాలి. డెస్క్‌టాప్ యాప్‌లకు మైక్రోఫోన్ అనుమతి అక్కడ ఆపేసి ఉంటే లైన్ ఇన్‌కు కూడా అదే వర్తిస్తుంది.

ధ్వని వచ్చిన తరువాత అది ఎలా వస్తోందన్నది ఇంకా ముఖ్యం. కూల్ ఎడిట్ ప్రో సౌండ్ కార్డుతో ఎంఎంఈ అనే పాత పద్ధతిలో మాట్లాడుతుంది. విస్టాతో ధ్వని వ్యవస్థను పూర్తిగా తిరగరాసినప్పటి నుంచి ఆ పద్ధతి విండోస్‌లో ధ్వనులన్నిటినీ కలిపే కొత్త మిక్సర్ గుండానే నడుస్తోంది. మిక్సర్ 48000 హెర్ట్జ్‌లో ఉండి మనం 44100లో రికార్డు చేస్తుంటే, మధ్యలో విండోస్ మాట మాత్రమైనా చెప్పకుండా మార్పిడి చేసేస్తుంది. పాత సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో రికార్డింగ్ పరికరం ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ పేజీలోని రేటూ కూల్ ఎడిట్ ప్రోలో మనం రికార్డు చేసే రేటూ ఒకటే ఉండేలా చూసుకోవాలి.

అక్కడే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అనేవి కూడా ఉంటాయి, వాటిని తప్పనిసరిగా ఆపాలి. వాటిలో నాయిస్ తగ్గించే సదుపాయం మాటలను కాపాడి, మారకుండా సాగే ధ్వనిని రొదగా లెక్కగడుతుంది. హరికథలో శ్రుతి అచ్చంగా అలాంటి ధ్వనే. భాగవతార్ గారు పద్యం ఎత్తుకున్నప్పుడు వెనుక హార్మోనియం శ్రుతి వినిపించి, ఆయన ఊపిరి తీసుకునే లోపు సన్నగిల్లిపోతుంటే దోషం క్యాసెట్‌లో ఉందని ఎవరైనా అనుకుంటారు. ఒకసారి అలా రికార్డయిన శ్రుతిని తరువాత ఏ ఎడిటరూ తిరిగి తేలేదు. నాయిస్ రిడక్షన్ కావలసివస్తే కూల్ ఎడిట్ ప్రోలోనే చేయడం మంచిది. శ్రుతి మొదలుకాక ముందు టేపులో ఉన్న ఒట్టి హిస్ శబ్దాన్ని మాత్రమే నమూనాగా తీసుకోవాలి, కొద్ది మోతాదులో వాడాలి.

తెర మీద బొమ్మలు మరీ చిన్నవిగా గానీ మసకగా గానీ ఉంటే షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ పేజీకి వెళ్లి, హై డీపీఐ స్కేలింగ్‌ను సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్‌కు మార్చి చూడవచ్చు.

ఇంత చేసినా పాత సెషన్లను ఎల్లకాలం ఈ సాఫ్ట్‌వేర్ మీదే వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఆడిషన్ 3.0.1 ఉన్నవారు సెషన్‌ను ఎక్స్‌ఎంఎల్ రూపంలో దాచి సీఎస్ 5.5లోకి తీసుకువెళ్లవచ్చు. నేను మాత్రం ఒక్కొక్క ట్రాక్‌ను ఉంచి మిగిలినవాటిని మ్యూట్ చేసి, సున్నా నుంచి సెషన్ చివరి వరకు ఎంపిక చేసి, విడివిడి వేవ్ ఫైళ్లుగా మిక్స్‌డౌన్ చేస్తున్నాను, అంటే ఒక్కో ట్రాక్‌ను ఒక్కో పూర్తి ఫైలుగా దాస్తున్నాను. అన్నీ ఒకే చోట మొదలై ఒకే చోట ముగుస్తాయి గనుక ఏ ఎడిటర్‌లో పేర్చినా గొంతులూ వాద్యాలూ వాటి వాటి స్థానాల్లోనే కూర్చుంటాయి. 32 బిట్‌లో దాచేటప్పుడు ఆప్షన్స్ తెరిచి నార్మలైజ్డ్ ఫ్లోట్ అన్నదే ఎంచుకోవాలి. 16.8 ఫ్లోట్ అని కనిపించేది పాత అంతర్గత రూపం, దాన్ని ఇతర సాఫ్ట్‌వేర్లు సరిగా చదవలేకపోవచ్చు.