భగవాన్ రమణ మహర్షికి కృతజ్ఞత చెప్పుకోవడానికి

కాట్పాడిలో రైలు ఆగితే మన తెలుగువాళ్ళు చాలామంది స్కాన్ కవర్లు పట్టుకుని దిగుతారు, వేలూరు ఆసుపత్రికి. మా అబ్బాయీ నేనూ కూడా అక్కడే దిగి, కారు తిరువణ్ణామలైకి మాట్లాడుకున్నాం. నాకు గాల్‌బ్లాడర్ క్యాన్సర్. లివర్‌కు పాకింది. ఇక కీమోతో ఒరిగేది లేదని, నొప్పి తెలియకుండా చూసుకోవడమే మిగిలిందని డాక్టరు గారు నెమ్మదిగా చెప్పారు. ప్రయాణం చేయొచ్చా అంటే, వెళ్ళాలనుంటే ఇప్పుడే వెళ్ళిరండమ్మా అన్నారు.

గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు. ఒకప్పుడు పౌర్ణమి రాత్రుళ్ళు చెప్పుల్లేకుండా నడిచినదాన్ని, ఈసారి ఆటోలో తిరిగాను. ఇంద్రలింగం, అగ్నిలింగం దగ్గర దిగి దణ్ణం పెట్టుకున్నాం. యమలింగం వచ్చేసరికి మావాడు "ఇక్కడ వద్దులేమ్మా, ఎండగా ఉంది, పోనీ" అన్నాడు. వాడి టెన్షన్ నాకు తెలుసు. ఆపించి, లోపలికెళ్ళి విభూతి తెచ్చి వాడి నుదుటన కూడా పెట్టాను.

ఆ తర్వాత రమణాశ్రమం. నాకు కావలసింది అక్కడి చిన్న గది, భగవాన్ చివరి రోజులు గడిపినది. దాని ముందు చాలాసేపు కూర్చున్నాను.

ఎడమ మోచేతి దగ్గర చిన్న గడ్డగా మొదలైంది ఆయన జబ్బు. 1949 ఫిబ్రవరిలో కోసి తీసేస్తే మళ్ళీ లేచింది. మార్చిలో, ఆగస్టులో, డిసెంబరులో, మొత్తం నాలుగు ఆపరేషన్లు. సార్కోమా అనే క్యాన్సర్ అని తేలింది. చెయ్యి తీసేస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు. ఈ ఒళ్ళే ఒక జబ్బు, దాని దారిన దాన్ని పోనివ్వండి అన్నారు. రేడియం, హోమియో, నాటువైద్యం, భక్తులు ప్రేమతో ఏది తెచ్చినా కాదనలేదు. 1950 ఏప్రిల్ 14 సాయంత్రం వరకూ జనానికి దర్శనం ఆపనివ్వలేదు. ఆ రాత్రి బయట అరుణాచల శివ అని పాడుతుంటే ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయట. 8 గంటల 47 నిమిషాలకు శ్వాస ఆగింది.

అంతటి మహాత్ముడికి క్యాన్సరేమిటి అని అడిగేవాళ్ళున్నారు. భక్తుల కర్మ తన మీద వేసుకున్నారని చెప్పేవాళ్ళున్నారు. నాకు ఆ సమాధానం అవసరం పడలేదు. నాకొచ్చిన జబ్బే ఆయనకూ వచ్చింది. ఆయన దాన్ని దాచలేదు, శాపమనీ అనుకోలేదు, కట్టు కట్టిన చేత్తోనే అందరి మధ్యా కూర్చున్నారు. ఆ మాట తలచుకునే నేను జుట్టు ఊడిన తలతో పేరంటానికి వెళ్ళగలిగాను.

రాత్రుళ్ళు భయం వేస్తుంది. 1896లో మధురైలో, పదహారేళ్ళ కుర్రాడుగా ఉన్నప్పుడు, ఆయనకూ ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. ఎవరినీ పిలవకుండా శవంలా పడుకుని, పోయేది ఈ ఒళ్ళా, నేనా అని చూసుకున్నారు. నేనూ అలాగే వెల్లకిలా పడుకుని, ఈ భయం ఎవరికి అని అడుగుతాను. ఒక్కోసారి భయం పోతుంది, ఒక్కోసారి పోదు. పోని రాత్రి కూడా అడగడానికి ఒక ప్రశ్న ఉంది. అది ఇచ్చింది ఆయనే.

సాయంత్రం సమాధి హాల్లో పారాయణ జరుగుతుంటే స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. బతికించమని అడగాలనిపించలేదు. నా కోపిష్టి వయసులో నన్ను ఓపికగా కూర్చోబెట్టినందుకు, మా వారు పోయిన ఏడాది నేను విరిగిపోకుండా నిలబెట్టినందుకు, ఇప్పుడు ఈ ఒంటి గురించి సిగ్గుపడనివ్వనందుకు, ఒక్కొక్కటే చెప్పుకున్నాను. సాగిలపడలేను కదా, నేలకు చేయి ఆనించి కళ్ళకద్దుకున్నాను.

ఆశ్రమం భోజనశాలలో మజ్జిగన్నం తిన్నాక మావాడితో విషయం తేల్చేశాను. "నాన్నా, చివర్లో ఐసీయూ వద్దు, వెంటిలేటర్ వద్దు. మన ఇంట్లో, కిటికీ గదిలో ఉంచండి. నొప్పి మందు మాత్రం తగ్గించొద్దు."

వాడు విస్తరి మడిచి కాసేపు అలాగే కూర్చున్నాడు. "సరేనమ్మా. చెల్లికి మాత్రం నువ్వే చెప్పు" అన్నాడు.

ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను.