కంపోస్టబుల్ కవర్లకు సర్టిఫికెట్ తెచ్చుకునే దాక – నా అనుభవం

మట్టిల కలిసి ఎరువయ్యే మా కంపోస్టబుల్ కవర్లకు నిన్న సాయంత్రం సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) సర్టిఫికెట్ వచ్చింది. అన్నీ యాదిల ఉన్నప్పుడే రాసేస్తున్న, వరంగల్‌ల గానీ కరీంనగర్‌ల గానీ ఎవరన్న ఈ లైన్ల దిగుదామనుకుంటే అక్కరకొస్తది. నేను షురూ చేసినప్పుడు ఇవన్నీ తెలుగుల కూసోబెట్టి చెప్పేటోళ్లు ఒక్కరు దొరకలే.

మాది మడికొండ దిక్కు చిన్న షెడ్డు, ఒక ఫిల్మ్ (పల్చటి ప్లాస్టిక్ పొర) తీసే మిషన్, ఒక కటింగ్ మిషన్, అంతే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఫోన్లనే అయిపోయింది. జీఎస్టీ మా అకౌంటెంట్ అన్న చూసుకున్నడు. కరెంటు కనెక్షన్ జర లేటయింది గానీ వచ్చింది.

ముందుగాల సరుకు గురించి చెప్పాలె, అది తెల్వకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా కవర్ల రెండు ప్లాస్టిక్‌లు కలుస్తయి. ఒకటి పీఎల్‌ఏ, మక్కల లాంటి పంటల చక్కెర నుంచి తీసిన లాక్టిక్ యాసిడ్‌తో చేస్తరు. గట్టిగ ఉంటది గానీ గుంజితే 5, 6 శాతం సాగక ముందే పటుక్కున తెగుతది. రెండోది పీబీఏటీ, మెత్తగ ఎన్నో రెట్లు సాగుతది. ఇది ఎక్కువ పెట్రోలియం నుంచే వస్తది, ఈ మాట అమ్మేటోళ్లు చానమంది చెప్పరు, నేను మాత్రం అడిగినోళ్లందరికీ చెప్త. ఎందుకంటే మట్టిల కలుస్తదా లేదా అన్నది ఏడికెళ్లి వచ్చిందన్న దాని మీద ఉండదు, లోపలి అణువుల గొలుసు ఎట్లుంది అన్న దాని మీద ఉంటది. ఈ రెండిట్ల గొలుసు నడుమ ఎస్టర్ బంధాలు అనే అతుకులుంటయి, నీళ్లూ సూక్ష్మజీవులూ ఆడ కోస్తయి. మామూలు పాలిథీన్ గొలుసంత కార్బన్-కార్బన్, దాన్ని కోసేటానికి సందు దొరకదు.

అయితే ఈ రెండూ ఒకదాంట్ల ఒకటి కరగవు. పీబీఏటీ సముద్రం లెక్క, పీఎల్‌ఏ దాంట్ల సన్న సన్న దీవుల లెక్క ఉంటది, మైక్రోస్కోప్ కింద పెడితే కనపడుతది. ఫిల్మ్ పైకి గుంజినప్పుడు ఆ దీవులు కూడ పొడుగ్గ సాగి అన్నీ ఒకే దిక్కు తిరుగుతయి. మన కొత్తవాడ జంపఖానాల పడుగు ఉంటది, పేక ఉంటది కాబట్టి ఎటు గుంజినా ఆగుతది, దీంట్ల పడుగొక్కటే ఉన్నట్టు, నిలువుకు సర్రున చినుగుతది. అందుకే రెండిటి నడుమ అతుకు పెట్టేటానికి గొలుసులను ఒకదానికొకటి కలిపే, ఎపాక్సీ గ్రూపులుండే చైన్ ఎక్స్‌టెండర్ రవ్వంత కలుపుతరు. మా ఆపరేటర్ అన్న, నేను ఎన్నో పాళ్లు పట్టి చూసి ఆఖరికి పీఎల్‌ఏ ఇరవై శాతం దగ్గర ఆగినం. అంతకు ఎక్కువ పోస్తే కవర్ చప్పుడు చేస్తది, చినుగుతది. తక్కువ పోస్తే మెత్తగయ్యి ఒకదానికొకటి అతుక్కుంటయి, దుకాణపాయన విప్పలేక తిడతడు.

ఇగ అసలు లొల్లి. ఒక ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ కావాలె, ఏ ఆఫీసో రాయను. ఆడ ఒక సారు నా శాంపిల్ కవర్ చేతిల పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి, జేబుల నుంచి లైటర్ తీసి అంటించిండు. కాలింది. వాసన చూసిండు. "ఏమ్మా, ఇది ప్లాస్టికే గదా, పేరు మార్చి అమ్ముదామని వచ్చినవా" అన్నడు. కాగితం కూడ కాలుతది సార్, కాలుడుకూ మట్టిల కలుసుడుకూ సంబంధం లేదు సార్ అన్న. ఆడ కూసున్నోళ్లంత నవ్విన్రు. ఇంకో కవర్‌ను కిటికీల ఉన్న మొక్క కుండీల కుక్కి, "మల్లొచ్చినప్పుడు చూద్దాం, కరిగితే సంతకం పెడ్త" అన్నడు. మా మామ నా ఎంబడి వచ్చిండు, ఆయన ముంగట ఆ మాట అనిపించుకునుడు నాకు మస్తు బాధయింది. బయటికొచ్చినంక మామ ఒక్క మాట మాట్లాడలే, నాకు చాయ్ తాపిచ్చిండు.

మల్లా పోయేసరికి ఆ సారు కుండీల నుంచి కవర్ పీకి మట్టి దులిపి టేబుల్ మీద ఏసిండు. "చూడు, ఎట్లున్నది అట్లనే ఉన్నది" అని. ఉంటది మరి! పీఎల్‌ఏ గొలుసులు 55, 60 డిగ్రీల దాక బిగుసుకునే ఉంటయి, ఆ వేడి దగ్గర పడితేనే సడలుతయి, అప్పుడు నీళ్లు లోపలికి పోయి తొందరగ ముక్కలు చేస్తయి, ఆ ముక్కలను సూక్ష్మజీవులు తింటయి. ఫ్యాన్ కింద కుండీల ఉన్న పిడికెడు మట్టికి ఆ వేడి ఏడికెళ్లి వస్తది? అందుకే ల్యాబ్ పరీక్ష 58 డిగ్రీల దగ్గర పెడతరు. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌లకు పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17088 అడిగేది కూడ అదే: 180 రోజుల లోపల దాంట్ల ఉన్న కార్బన్‌ల 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గ మారాలె, 12 వారాల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద పదో వంతు కంటె ఎక్కువ మిగలొద్దు, భార లోహాలు హద్దు దాటొద్దు, ఆ కంపోస్ట్‌ల విత్తనాలు మంచిగ మొలకెత్తాలె. కుండీ పరీక్ష ఏ రూల్‌ల లేదు.

నేను చెప్తనే ఉన్న, ఆయన ఫోన్ చూస్తనే ఉన్నడు.

మల్లా పోయేటప్పుడు రెండు తీస్కపోయిన. ఒకటి, మా అమ్మమ్మోళ్ల ఊర్ల పెంట కుప్ప నడుమ, పొగలొచ్చే కాడ, ఉల్లిగడ్డల జాలి సంచిల పెట్టి పాతిన కవర్ ముక్కలు. పట్టుకుంటే పొడి పొడి అయితున్నయి. పక్కన అదే జాలిల పెట్టిన పాల ప్యాకెట్ ముక్క చెక్కు చెదరలే. రెండోది గ్లాసెడు నీళ్లు. నీళ్ల సాంద్రత 1 అయితే పాలిథీన్‌ది 0.92, అది తేలుతది. మాది 1.25 దాక ఉంటది, మునుగుతది. రెండు ముక్కలు గ్లాసుల ఏసి ఆయన ముంగట పెట్టిన. పాలిథీన్‌ల సున్నపు పొడి దండిగ కలిపితే అది కూడ మునుగుతది కాబట్టి ఇది పక్కా రుజువు కాదని కూడ నేనే చెప్పిన, ఎందుకంటే రేపు ఎవడో అట్ల మోసం చేసి నా పేరు చెప్పొద్దు. ఆయన ఒప్పుకోలే. కానీ పక్క రూంల నుంచి పెద్ద సారు వచ్చి చూసిండు, నేను ప్రింట్ తీస్కపోయిన 2016 ప్లాస్టిక్ వేస్ట్ రూల్స్ కాయితం చదివిండు, "కరుగుతదా లేదా చెప్పేది ల్యాబ్, మనం కాదు, మనం చూడాల్సింది మిషనూ అడ్రసూ" అన్నడు. అదే పూట సంతకం అయింది. నేను ఆ కాయితం పట్టుకుని మెట్లు దిగుతుంటే కాళ్లు ఆగలే.

ఒకటి చెప్పాలె. ఆ సారుకు అనుమానం రావడానికి కారణం కూడ ఉన్నది, పచ్చ ఆకు బొమ్మ ఏసి 'బయో' అని రాసి మామూలు పాలిథీన్‌ల లోహపు ఉప్పులు కలిపి అమ్మేటోళ్లున్నరు. అవి ఎండకు ముక్కలైతయి, ముక్కలైనంక పాలిథీన్ ముక్కలే, మన పశువుల కడుపులకు పోతయి. అట్లాంటి వాటిని యూరప్‌ల 2021ల బంద్ పెట్టిన్రు. ఆ పని చేసేటోళ్ల పాపం మా అసొంటోళ్ల మీద పడుతుంది, నాకు ఆ ఆఫీసు సారు కంటె వాళ్ల మీదనే ఎక్కువ కోపం.

ల్యాబ్ పరీక్ష గురించి రాయడానికి ఏం లేదు, ఫీజు కట్టి ఎదురు చూడాలె. నెలలకు నెలలు షెడ్డు కిరాయి, బ్యాంకు కిస్తు నడుస్తనే ఉంటయి, దానికి పైసలు ముందే పక్కకు పెట్టుకోండ్రి.

దిగేటోళ్లకు ఇంకొన్ని మాటలు. ప్లాస్టిక్ గింజలు (మిషన్ల పోసే ముడి సరుకు) సీల్ ఉన్న అల్యూమినియం సంచులల్లనే తీస్కోండ్రి. మాకు ఒకాయన విప్పిన సంచులు అంటగట్టిండు, వానాకాలం తేమ పట్టి, మిషన్ల వేడికి ఆ నీళ్లే గొలుసులను కోసేసి, ఫిల్మ్ కోసం గాలి ఊదే బుడగ నిలవక కూలిపోయింది, పైసలు వాపస్ ఇయ్యమంటే ఫోన్ ఎత్తలే. రేకుల షెడ్డుల ఎండకాలం తయారైన కవర్లు నిల్వ పెట్టకండ్రి. దుకాణాలోళ్లకు ముందే చెప్పండ్రి, అదే సైజు అదే మందంల పాలిథీన్ కిలోకు వంద కవర్లు వస్తే ఇవి డెబ్బై మూడు దాక వస్తయని, లేకపోతే తూకంల మోసం అంటరు. కవర్ మందం 120 మైక్రాన్లకు తగ్గొద్దన్న రూల్ కంపోస్టబుల్ కవర్లకు వర్తించదు, కానీ సర్టిఫికెట్ రాకముందు ఒక్క కవర్ అమ్మినా తప్పే, కవర్ మీద కంపోస్టబుల్ అని అచ్చు ఉండాలె. మేము సర్టిఫికెట్ నంబర్‌తో అచ్చుకు ఇచ్చినం, మొదటి లాట్ హన్మకొండ చౌరస్తాల ఒక స్వీట్ షాపుకు పోతది, మేడారం జాతరకు కూడ ఆర్డర్ కోసం మాట్లాడుతున్న.