మూడు క్వింటాళ్ళ మిషనుకి ఏ తొట్టి?

"ఎన్ని టన్నులు లాగాలి?" ట్రాక్టరు తొట్టి, అదే ట్రెయిలరు, కొందామని వెళ్ళిన ప్రతి షెడ్డులోనూ ఇదే మొదటి ప్రశ్న. మా ఎనిమిది వరసల ఉభాల మిషను, అంటే వరి నాట్లేసేది, మూడు క్వింటాళ్ళ పైచిల్లర. ఆ మాట వినగానే ఎదుటివాళ్ళకి బేరం మీద హుషారు పోయేది. "దానికి తొట్టెందుకు బాబూ, నలుగురు మోసుకుపోతారు" అని నవ్వాడొకాయన. ఆ నలుగుర్నీ ఆషాఢంలో ఎక్కణ్ణుంచి తేవాలో మాత్రం చెప్పలేదు.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడికీ కాశీనగర్‌కీ మధ్య ఊరు. ఇంట్లో తెలుగు, ఆఫీసుకెళ్తే ఒడియా. పొలం కొంత ఇక్కడుంది, అమ్మ వాటాకొచ్చింది కొంత నది అవతల, ఆంధ్రాలో పాతపట్నం వైపుంది. చుట్టాల మడులు సరేసరి. మిషను మడిలో ఇనప చక్రం మీద నడుస్తుంది. ఆ చక్రంతో తారు రోడ్డెక్కితే దాని పళ్ళు అరిగిపోతాయి. రబ్బరు చక్రం మార్చి నడపొచ్చు గానీ, సైకిలు మీద పోయే ముసలాయన కూడా మనల్ని దాటేసి పోతాడు.

నిరుడు బావ తొట్టి అడిగి తెచ్చాను. దాని లోపలి వెడల్పు ఆరడుగులు, మిషను ఏడడుగులు. రెండు వెదురు బొంగులు అడ్డంగా వేసి తొట్టి గోడల మీదే కూర్చోబెట్టాం. ఊరు దాటేసరికి నారు పళ్ళెం అంచు చిట్లింది, ఆకు (నారు) నాటే వేళ్ళు రెండు వంగాయి. అవి సరిచేసి మళ్ళీ మడిలోకి దిగేసరికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ ఆకు ముదురుతూ కూర్చుంది. అప్పుడే అనుకున్నా, మన సొంత తొట్టి ఉండాలని.

ఈసారి టేపు జేబులో పెట్టుకుని తిరిగాను. నాన్నకి వడ్లు తోలడానికి ఎత్తు గోడల తొట్టి కావాలి, నాకు బల్లలా చదునుగా ఉన్నది కావాలి. మూడు వైపులా తలుపులు దిగేదైతే ఇద్దరికీ సరిపోతుందని తేల్చుకోవడానికి వారం పట్టింది, అందులో రెండు రోజులు మాటల్లేవు.

నాలుగు చక్రాల తొట్టి తన కాళ్ళ మీద తను నిలబడుతుంది, హుక్కు మీద బరువు పడదు. నిజమే. కానీ మా గట్టు దారుల్లో దాన్ని వెనక్కి నడిపినవాణ్ణి ఇంతవరకు చూడలేదు. రెండు చక్రాలదే మేలనుకున్నాను. ఒక షెడ్డువాడు ముందు భాగం పైకెత్తి ఒంపే జాకీ తొట్టి చూపించి, "ఎత్తితే ఇదే ర్యాంపు బాబూ" అన్నాడు. ఎత్తించి చూశాను. వెనక అంచు నేలకి రెండున్నర అడుగుల మీదే ఆగిపోయింది. ఇసక జారుతుంది గానీ చక్రాలున్న మిషను ఎలా ఎక్కుతాది?

అసలు లెక్కంతా ఎత్తులోనే ఉంది. మూడడుగుల ఎత్తుకి ఆరడుగుల చెక్క ఆనిస్తే వాలు 30 డిగ్రీలు, మిషను ముక్కు పైకి లేచిపోతుంది. పెద్ద టైర్లకి బదులు చిన్నవి వేసిన తొట్టి ఒకటి దొరికింది, బల్ల ఎత్తు రెండడుగుల ఎనిమిదంగుళాలు. దానికి తొమ్మిదడుగుల చెక్క వేస్తే 17 డిగ్రీలు. ఇంకో సంగతి, మా మిషనుకి ముందు ఒకటే చక్రం, రోడ్డు మీద తోసుకెళ్ళడానికి వెనక రెండు చిన్నవి. అందుకని రెండు చెక్కలు చాలవు, నడిమికి మూడోది ఉండాలి. మద్ది చెక్కలు మూడు కోయించాను.

ఆ తొట్టి లోపలి వెడల్పు ఏడడుగుల రెండంగుళాలు, నంబరు ఓడీ 20, మా జిల్లాదే. అంతకుముందు చూసినవాటిలో ఒకటి షెడ్డులోనే కట్టింది, కాగితం ముక్క లేదు. ఇంజను లేకపోయినా 1988 చట్టం ప్రకారం ట్రెయిలరూ మోటారు వాహనమే. ఇంకోటి ఆంధ్రా నంబరు. పన్నెండు నెలలు దాటి ఇక్కడుంచితే నంబరు మార్పించాలి, దానికి అభ్యంతరం లేదని అవతలి ఆఫీసునుంచి ఎన్‌వోసీ తేవాలి. నది ఇవతలికీ అవతలికీ తిరగడం మాకు కొత్త కాదు గానీ కాగితం కోసం తిరగడం నావల్ల కాదు.

మొదటిసారి ఎక్కించేటప్పుడు మావయ్య పక్కనే ఉన్నాడు. ట్రాక్టరు పక్కకి తీసేసి, తొట్టి ముందు స్టాండు మీద ఉండగానే చెక్కలు ఆనించబోయాను. "ఒరే అల్లుడూ, ఆగరా! ముందు ట్రాక్టరుకి తగిలించు" అని అరిచాడు. మిషను వెనక అంచు మీదికొచ్చినప్పుడు బరువంతా ఇరుసుకి వెనక పడి, హుక్కు గాల్లోకి లేస్తుందట. తగిలించాక కూడా వెనక అంచు కింద దుంగ పెట్టించాడు. ఇనప చక్రం తీసి రబ్బరుది వేశాం. చిన్న గేరులో మెల్లగా ఎక్కించి, ఇంజను భాగం ఇరుసుకి ఒక అడుగు ముందుకొచ్చేదాకా జరిపాం.

మిషనుని తొట్టిలో కట్టడం అయ్యాక తెలిసింది అసలు తలనొప్పి. టన్నులు మొయ్యడానికి కట్టిన కమాను పట్టీలు మూడు క్వింటాళ్ళకి కదలవు. గొయ్యి పడితే దెబ్బంతా మిషనుకే. పట్టీలు తీయిద్దామంటే నాన్న వడ్లు గుర్తుచేశాడు. టైర్లలో గాలి కొంచెం తగ్గించి, నారు పళ్ళేలు విప్పి గోనె పట్టాల మధ్య విడిగా పెట్టాం.

కాశీనగర్ చేరాక ఆపి చక్రాల హబ్బులు చేత్తో ముట్టుకున్నా. ఎడమది గోరువెచ్చగా ఉంది, కుడిదానిమీద చెయ్యి పెట్టలేకపోయాను. విప్పితే లోపల గ్రీజు మట్టిలా ఎండిపోయి ఉంది. పాత తొట్టి కొనేటప్పుడు వెడల్పూ ఎత్తూ కొలిచాను గానీ చక్రం ఎత్తి తిప్పి చూడలేదు. బేరింగు మార్చేసరికి సాయంత్రమైంది.

మర్నాడు పొద్దున్న మిషను మడిలో దిగింది. ఖాళీ తొట్టి గట్టు మీద ఉందని మావయ్య దాన్నిండా కంపలు నింపుకుని ఇంటికి తోలుకుపోయాడు. మూడు చెక్కల్లో ఒకటి ఇంకా వెనక్కి రాలేదు.