రిషార్‌టోల్ కాలువ గట్టున

నిరుడు పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్ నది ఒడ్డున ఉన్న రిషార్‌టోల్‌లో, చెరకు తోటల మధ్య పారే కాలువను చూడగానే మా గోదావరి డెల్టా గుర్తుకు వచ్చి, చెప్పులు విడిచి కాళ్లు కడుక్కోబోయాను. వెంట ఉన్న స్థానిక మిత్రుడు నా చెయ్యి పట్టుకుని ఆపి, గడ్డికి అంటుకున్న చిన్న నత్తలను చూపించాడు. వాటి నుంచి నీటిలోకి వెలువడే, కంటికి కనబడని డింభకాలు కొద్ది నిమిషాల్లోనే మనిషి చర్మాన్ని తొలుచుకుని లోపలికి చేరి, రక్తనాళాల్లో పురుగులుగా ఎదుగుతాయి. షిస్టోసోమియాసిస్ అనే జబ్బు వచ్చేది అలాగే. 1986లో ఈ నదిపై, సముద్రానికి దగ్గరలో డియామా ఆనకట్ట పూర్తయ్యాక సముద్రపు ఉప్పునీరు పైకి రావడం ఆగిపోయి, ఈ నత్తలు విపరీతంగా పెరిగాయి. 1988 నాటికే ఈ ఊళ్లో ఆ జబ్బులో పేగులకు సోకే రకం బయటపడింది.

నన్ను ఎక్కువగా కలచివేసింది రొయ్యల సంగతి. నత్తలను తినే నదీ రొయ్యలు సంతానం కోసం ఉప్పు కలిసిన నీటికి దిగవలసి ఉండగా, ఆనకట్ట ఆ దారినే మూసివేసింది. మన నీలకంఠ రొయ్యదీ అదే జీవనక్రమం కనుక ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. ప్రాజిక్వాంటెల్ మాత్ర ఒంట్లోని పురుగులను చంపుతుంది గాని, మళ్లీ సోకకుండా ఆపలేదు. మేము మాట్లాడుకుంటుండగానే ఆరేడుగురు పిల్లలు కేరింతలు కొడుతూ ఆ కాలువలోకి దూకారు.