టెస్ట్ రైడ్‌కి ముందు: ఆ ఇన్సూరెన్స్ ఎవరికి, దేనికి?

సెకండ్ హ్యాండ్ బైక్ దగ్గర నిలబడి "ఇన్సూరెన్స్ ఉందా అండీ?" అని అడుగుతారు. "ఫుల్ ఉంది" అంటారు అమ్మేవాళ్లు. తాళం చేతికొస్తుంది. ఆ జవాబుతో టెస్ట్ రైడ్‌కి బయల్దేరేవాళ్లే ఎక్కువ. బండికి పాలసీ ఉండటం వేరు, మీరు నడుపుతున్నప్పుడు అది పనిచేయడం వేరు.

రోడ్డు మీద ఏదైనా జరిగితే నష్టపోయేవి మూడు: ఎదుటి మనిషి, బండి, మీరు. థర్డ్ పార్టీ పాలసీ మొదటిదాని సంగతే చూస్తుంది. బండి రిపేరుకి ఓన్ డ్యామేజ్ ఉండాలి. మీ ఒంటికి తగిలిన దెబ్బకి ఈ రెండింట్లో ఏదీ పనికిరాకపోవచ్చు. కాబట్టి పాలసీ కాగితం చేతిలోకి తీసుకుని మూడూ విడివిడిగా వెతకాలి.

ఆ తర్వాత చూడాల్సింది, పాలసీ బండి వెంట నడుస్తుందా, మనిషి వెంటా అని. ఇది దేశాన్ని బట్టి మారుతుంది.

ఇండియాలో బండి వెంట. యజమాని అనుమతితో, ఆ రకం బండికి చెల్లే లైసెన్స్ ఉన్న ఎవరు నడిపినా థర్డ్ పార్టీ కవర్ ఉంటుంది. గేర్ల బైక్‌కి గేర్ లేని స్కూటర్ లైసెన్స్ చెల్లదు, ఇక్కడే చాలామంది దొరికిపోతారు. ఇంకో తిరకాసు తేదీలది. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త టూవీలర్లకి థర్డ్ పార్టీ ఒకేసారి 5 ఏళ్లకి కట్టించుకుంటున్నారు. ఓన్ డ్యామేజ్ మాత్రం చాలా బళ్లకి మొదటి ఏడాదికే ఉంటుంది. మూడేళ్ల బండికి "ఇంకా రెండేళ్లుంది" అని అమ్మేవాళ్లు చెప్పేది అబద్ధం కాదు, కాకపోతే అది సగమే. పాలసీలో రెండు గడువులూ వేర్వేరుగా రాసి ఉంటాయి, రెండూ చూడండి.

మీ ఒంటి సంగతికొస్తే, పాలసీలో కనిపించే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనర్-డ్రైవర్‌ది, అంటే ఆర్సీలో పేరున్న మనిషిది. టెస్ట్ రైడ్ చేసే మీది కాదు. పైగా అరువు బండి నడిపే వ్యక్తి యజమాని స్థానంలోకి వచ్చినట్టేనని, ఆ బండి ఇన్సూరెన్స్ దగ్గర థర్డ్ పార్టీగా క్లెయిమ్ చేసుకోలేడని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. తప్పు ఇంకో బండిదైతే వాళ్ల ఇన్సూరెన్స్‌ని అడగొచ్చు. మీరే జారిపడితే అడగడానికి ఎవరూ ఉండరు. మీ పేరు మీద విడిగా యాక్సిడెంట్ పాలసీ, హెల్త్ పాలసీ ఉంటేనే ధైర్యం.

బ్రిటన్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ సర్టిఫికెట్‌లో పేరున్నవాళ్లే నడపాలి. అమ్మేవాళ్ల పాలసీ ఎంత గొప్పదైనా మీ పేరు లేకపోతే అది మీకు లేనట్టే. మీ సొంత బైక్ పాలసీలో వేరేవాళ్ల బళ్లు నడపొచ్చన్న వాక్యం ఉందేమో చూసుకోండి. అన్ని పాలసీల్లోనూ ఉండదు, ఉన్నా మామూలుగా థర్డ్ పార్టీకే. ఆ బండికి విడిగా ఇన్సూరెన్స్ ఉండాలనే షరతు కూడా ఉండొచ్చు. లేదంటే తాత్కాలిక పాలసీ తీసుకోవాలి. కార్లకి ఇచ్చినంత సులువుగా బైకులకి ఇవ్వరు కాబట్టి బయల్దేరే ముందురోజే కనుక్కోవడం మంచిది. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే లైసెన్స్ మీద 6 పెనాల్టీ పాయింట్లు పడతాయి, బండి కూడా పట్టుకుపోవచ్చు.

తాత్కాలిక పాలసీ ఫారంలో నంబర్ ప్లేటు, మోడల్, సీసీ, బండి విలువ, లైసెన్స్ వివరాలు, మొదలయ్యే సమయం అడుగుతారు. క్లెయిములు చెడేది ఇక్కడే. నంబర్‌లో ఒక్క అక్షరం తప్పితే మీరు ఇన్సూర్ చేసింది ఇంకెవరిదో బండి. ప్రకటనలో చూసి కాకుండా ప్లేటు చూసి కొట్టండి. సైలెన్సర్ మార్చి ఉన్నా, ఇంజిన్‌లో మార్పులున్నా దాచకుండా రాయండి. సమయం 11కి అని పెట్టి పదిన్నరకే రోడ్డెక్కితే ఆ అరగంటకి కవర్ లేదు. పాలసీ వివరాలు పోలీసుల డేటాబేస్‌లోకి వెంటనే ఎక్కకపోవచ్చు, సర్టిఫికెట్ ఫోన్‌లో ఉంచుకోండి. వెనక మనిషిని ఎక్కించుకునేట్టయితే పిలియన్ కవర్ ఉందో లేదో అదీ చదవాలి.

డీలర్ దగ్గరైతే వాళ్ల ట్రేడ్ పాలసీలోనే టెస్ట్ రైడ్ ఉండొచ్చు. సంతకం పెట్టమనే కాగితంలో ఒక్క అంకె కోసం వెతకండి: ఎక్సెస్, అంటే నష్టంలో మొదట మీరు భరించాల్సిన మొత్తం. పెద్ద బైకులకి అది గుండె గుభేల్‌మనేంత ఉండొచ్చు. నోటిమాటగా "ఏం కాదులెండి" అన్నదానికి విలువ లేదు.

అమ్మేవాళ్ల భయం కూడా న్యాయమైనదే. తాళం తామే చేతికిచ్చాక బండితో మనిషి మాయమైతే దాన్ని మోసం కింద కట్టి, దొంగతనం క్లెయిమ్ ఇవ్వని పాలసీలున్నాయి. అందుకే పూర్తి డబ్బు ముందే చేతిలో పెట్టమంటారు. పెట్టొచ్చు, కానీ కాగితం లేకుండా వద్దు. బండి నంబర్, తేదీ, సమయం, ఎంత ఇచ్చారు, నచ్చకపోతే మొత్తం తిరిగివ్వాలన్న మాట, పడిపోతే రిపేరు ఎవరిదన్న మాట రాసి ఇద్దరూ సంతకం చేయాలి. క్లెయిమ్ పెడితే అమ్మేవాళ్ల నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, పోతుంది కాబట్టి చిన్న గీతలకి చేతి నుంచి ఇచ్చే మొత్తం కూడా ముందే అనుకోవాలి.

కవర్ కుదరకపోతే రోడ్డెక్కకండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి విని, ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే హ్యాండిల్ బేరింగ్ సంగతి తెలుస్తుంది. బండిని తోస్తూ బ్రేక్ వేస్తే డిస్క్ వంకర కొంత బయటపడుతుంది. లోడ్ మీద గేర్ జారడం, టాప్ గేర్‌లో క్లచ్ స్లిప్ అవడం మాత్రం నడిపితేనే తెలుస్తాయి. వాటికి యజమానినే నడపమని, గేరు మార్చకుండా ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పమనండి. వేగం పెరగకుండా ఇంజిన్ మోత మాత్రమే పెరిగితే క్లచ్ జారుతున్నట్టే, ప్లేట్లు అరిగిపోయి ఉండొచ్చు. ఖాళీగా ఉన్న పార్కింగ్ స్థలంలో నడిపితే ఇన్సూరెన్స్ అక్కర్లేదనుకోవద్దు. జనం వచ్చిపోయే చోటు చాలా దేశాల్లో చట్టం కంటికి రోడ్డుతో సమానం.

బండి నచ్చి అక్కడే కొంటే టెస్ట్ రైడ్ కవర్‌తో ఇంటికి బయల్దేరకండి. అనుమతితో నడిపేవాళ్లకిచ్చిన పాలసీ, యజమాని మారాక చెల్లకపోవచ్చు. ఇండియాలో థర్డ్ పార్టీ భాగం మీ పేరు మీదికి మారినట్టే లెక్క, కానీ 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేయాలి. ఓన్ డ్యామేజ్ దానంతట అది రాదు, నో క్లెయిమ్ బోనస్ పాత యజమానితోనే పోతుంది. బ్రిటన్‌లోనైతే పాత రోడ్ ట్యాక్స్ కూడా 2014 అక్టోబర్ నుంచి బండితో రావడం లేదు. కాబట్టి ముందు మీ పేరున పాలసీ, ఆ వెంటనే ట్యాక్స్, తర్వాతే కిక్.