ఖోనోమాలో రెండు రోజుల వాన

నాగాలాండ్ రాజధాని కోహిమా నుంచి ఖోనోమా 20 కిలోమీటర్లే కదా, గంటలో వెళ్లిపోతాం అనుకున్నా. జులై వానల్లో ఆ దారి ఎలా ఉంటుందో ఊహించలేదు. బురదలో సుమో పక్కకి జారినప్పుడల్లా నాకు టెన్షన్, డ్రైవర్‌కి మాత్రం నవ్వు.

ఖోనోమా అంగామీ అనే నాగా తెగవాళ్ల ఊరు. కొండ మీద రాతి గోడలు, రాతి మెట్లు, ఊళ్లోకి వెళ్లడానికి పాత ద్వారాలు. 1879లో బ్రిటిష్ అధికారి డామంట్ ఈ ఊరి ద్వారం దగ్గరే తుపాకీ దెబ్బకి చనిపోయాడు. ఆ తర్వాత పెద్ద సైన్యమే వచ్చింది, పోరు 1880 దాకా సాగింది. నాకు తెలిసిన మన్యం తిరుగుబాట్లన్నీ మన అల్లూరివే. ఈ కథ స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం ఆల్డర్ చెట్లు. మోడులా నరికేస్తారు, మళ్లీ చిగురిస్తాయి. కొమ్మలు వంటచెరకు. వేళ్లు గాలిలోని నత్రజనిని మట్టికి చేరుస్తాయి. అందుకే ఆ చెట్ల మధ్యే పంట వేస్తారు. యూరియా బస్తాల కోసం క్యూలో నిలబడ్డ మా నాన్నకి ఫోన్‌లో చెప్తే, "ఆ మొక్క మన దగ్గర బతుకుద్దా?" అన్నారు. మన ఎండలకి కష్టమే నాన్నా.

వేటనే నమ్ముకున్న ఊరు, 1998లో అడవిని ట్రాగోపాన్ పక్షుల కోసం వదిలేసి వేట మానేసింది. ఆ పక్షి నాకు కనపడలేదు. రెండు రోజులూ పొగమంచే. తడిసిన బూట్లు పొయ్యి పక్కన పెట్టిన ఇంటావిడ, అవి ఆరేదాకా టీ పోస్తూనే ఉంది.